రెండు పొయ్యిల ఇల్లు

సెలవు గడిచి పనిలోకి వచ్చిన చిన్నకోడలు హాలు గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. తాము రోజూ కూర్చునే పొడవాటి బల్లను ఎవరో నడిమికి కోసేశారు. రంపపు పొట్టు ఇంకా నేల మీదే ఉంది. సగం బల్ల అటు, సగం బల్ల ఇటు. మధ్యలో నేల నుంచి పైకప్పు దాకా అద్దాల గోడ. మొన్న సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ గోడ లేదు.

"అక్కా, మన బల్ల చూడు!" అంటూ పక్కకు తిరిగింది. పక్కన అక్క లేదు. గేటు దగ్గర కాపలావాడు ఆవిణ్ణి వేరే గుమ్మం నుంచి పొమ్మన్నాడు. ఎక్కడో మరమ్మతు జరుగుతోంది కాబోలనుకుని ఇద్దరూ నవ్వుకుంటూనే విడిపోయారు. ఇప్పుడు అక్క అద్దానికి అవతల నిలబడి ఉంది. ఎవరో ఆవిడకు బూడిదరంగు కోటు తొడుగుతున్నారు. చిన్నకోడలి చేతిలో నీలం కోటు పెట్టారు.

అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. అన్నదమ్ములిద్దరిలో పెద్దవాడి భార్య పెద్దకోడలు, చిన్నవాడి భార్య చిన్నకోడలు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే ఫ్యాక్టరీ, మొన్నటిదాకా ఒకే బల్ల.

అక్కడ చెవి మిషన్లు తయారుచేస్తారు. చెవి మిషన్ బఠాణీ గింజంత ఉంటుంది గానీ దాని కడుపులో సగం ప్రపంచం ఉంటుంది. చిప్పు ఒక దేశానిది, బ్యాటరీ ఇంకో దేశానిది, చెవిలో దూరే మెత్తటి గొట్టం మూడో దేశానిది. లోపలి తీగ ఎక్కడ పుట్టిందో దాన్ని అమ్మినవాడికే తెలియదు. ఇన్ని దేశాల సరుకూ ఒక బల్ల మీద కలిస్తే, ఎక్కడో ఒక ముసలాయనకు మనవరాలి మాట వినిపిస్తుంది. ఈ సంగతి ఇరుగుపొరుగుకు చెప్పేటప్పుడు చిన్నకోడలు ఆ దేశాలన్నిటినీ తనే పిలిచి పీటలేసి కూర్చోబెట్టినట్టు చెప్పేది.

సూపర్‌వైజరుకు అందరూ పెట్టిన పేరు రేడియో. ఎవరూ మీట నొక్కకుండానే మోగుతాడు. ఆ రోజు మాత్రం అతని గొంతు కూడా కాస్త బొంగురుపోయింది.

"ఏం లేదమ్మా, లోకం రెండు ముక్కలైంది. ఈ గుంపు దేశాలు, ఆ గుంపు దేశాలు. ఇదివరకు ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొనేవాళ్ళు. ఇప్పుడు ముందు నువ్వు మావాడివా, వాళ్ళవాడివా అని అడుగుతున్నారు. మనమేమో ఇద్దరికీ అమ్ముతాం. అందుకని ఇద్దరూ ఒకే షరతు పెట్టారు. మా సరుకు మీద వాళ్ళ చెయ్యి పడకూడదు, వాళ్ళ చిప్పు ఉండకూడదు, వాళ్ళ స్క్రూడ్రైవర్ కూడా తగలకూడదు. నీలం కోట్లు ఈ గుంపుకి, బూడిద కోట్లు ఆ గుంపుకి."

"అయితే అక్క తీగ అతికించి ఇవ్వకపోతే నేనేం విని పరీక్షించాలి సార్?"

"అటువాళ్ళు అటే అతికించుకుని అటే వింటారు. ఇటువాళ్ళు ఇటే."

"నాకు అతకడం రాదు, ఆవిడకి వినడం రాదు!"

"నేర్చుకోండి. దేశాలకి దేశాలే నేర్చుకుంటున్నాయి, మీకేం?"

ఆ మాట అని రేడియో పక్క బల్లకు వెళ్ళి అదే పాట మళ్ళీ మొదలుపెట్టాడు. చిన్నకోడలు కోసిన బల్ల అంచు మీద చెయ్యి పెట్టింది. పేడు గుచ్చుకుంది. ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయని అత్తగారు అంటూ ఉంటుంది. ఆ ఆబోతులు ఎక్కడున్నాయో చిన్నకోడలికి తెలియదు, వాటి మొహం కూడా ఎప్పుడూ చూడలేదు.

రెండు కొప్పులు ఒకచోట ఇమడవని లోకం ఎప్పుడో తేల్చేసింది. చిన్నకోడలు కాపురానికి వచ్చిన కొత్తలో వీధి వీధంతా చెవులు రిక్కించి ఎదురుచూసింది, ఈ ఇల్లు ఎప్పుడు వేరుపడుతుందా అని. పడలేదు. పైగా పెద్దకోడలే మరో ఏడాదికి తోడికోడల్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుంది. పెద్దావిడ భూతద్దం కింద వెంట్రుకంత తీగను చిప్పుకు అతికిస్తుంది. చిన్నది హెడ్‌ఫోన్లు పెట్టుకుని అందులో గరగర ఉందా, గొంతు ముక్కులోంచి వస్తోందా అని విని, "ఊఁ, పాసు" అంటుంది. పైనుంచి ఎవరైనా వచ్చినప్పుడు రేడియో చిన్నకోడలి చెవులనే పొగిడేవాడు. పెద్దావిడ తల వంచుకుని అతికిస్తూ ఉండేది.

ఇంట్లోనూ అంతే. చిన్నకోడలు నిద్ర లేచేసరికి టీ సిద్ధం, ఇద్దరి టిఫిన్ డబ్బాలూ సిద్ధం. సాయంత్రం ఇద్దరూ కలిసే వస్తారు, కలిసే గుమ్మంలో అడుగుపెడతారు. ఒకామె చెప్పులు విప్పి కూలబడి రోజంతా జరిగింది అత్తగారికి చెబుతుంది, ఇంకొకామె పొయ్యి వెలిగిస్తుంది. వెలిగించేది ఎవరో వేరే చెప్పాలా? "మా ఇంట్లో తేడాల్లేవు" అని చిన్నకోడలు ఊరంతా చెప్పుకునేది. పాపం, అందులో అబద్ధమేమీ లేదు. ఆమెకు నిజంగానే ఏ తేడా కనబడలేదు.

గోడ లేచాక ఫ్యాక్టరీ నవ్వులపాలైంది. క్యాంటీన్‌కి రెండు తలుపులు, ఊడ్చేవాళ్ళకి రెండు రంగుల చీపుళ్ళు. నీళ్ళ కుళాయి ఒక్కటే ఉంటే మధ్యలో తెర కట్టి ఆ పక్కన ఒకటి, ఈ పక్కన ఒకటి బిగించారు. వెనకాల గొట్టం మాత్రం ఒక్కటే. నీళ్ళకి ఏ గుంపో ఎవరూ అడగలేదు. చిన్నకోడలు అతకడం నేర్చుకోబోయి వేళ్ళు కాల్చుకుంది, చిప్పులు కాల్చింది, చీవాట్లు తింది. తలెత్తినప్పుడల్లా అద్దంలోంచి అక్క కనబడేది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎక్కడో పాట వింటున్నట్టు కూర్చునేది. ఆవిడకి వినడం రాదన్న మాట వట్టిదే అయింది. బూడిద వైపు సరుకు వెనక్కి తిరిగి రావడం లేదు.

"పాపం అక్క, ఒక్కతే ఎంత అవస్థపడుతోందో" అని చిన్నకోడలు జాలిపడింది.

అసలు పిడుగు ఆ తర్వాత పడింది. రేడియో ఇద్దర్నీ అద్దానికి చెరో పక్కన నిలబెట్టి, మధ్య తలుపు ఓరగా తీసి చెప్పాడు.

"మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారటగా? కొనేవాళ్ళకి తెలిసింది. అటు పనిచేసేవాళ్ళు, ఇటు పనిచేసేవాళ్ళు ఒక కప్పు కింద ఉండకూడదట. ఒక కంచంలో తినేవాళ్ళు రహస్యాలు దాచుకుంటారా అంటున్నారు. ఇద్దర్లో ఒకరు మానెయ్యాలి. లేదా వేరుపడాలి. వేరే గుమ్మం, వేరే పొయ్యి. ఒకావిడ ఇంటికి వచ్చి కళ్ళతో చూసి వెళ్తుంది."

చెవి మిషన్లో దేశ రహస్యం ఏముంటుంది? చిన్నకోడలికి తెలిసిన రహస్యమల్లా రేడియో జుట్టు సొంతం కాదన్నదొక్కటే. అయినా ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్నవాళ్ళకి తన పొయ్యితో ఏం పని? మొన్న బల్ల కోశారు, ఇప్పుడు ఇల్లు కోస్తారా? అద్దానికి అవతల అక్క మొహంలో ఏ కదలికా లేదు. తనలాగే దిమ్మెరపోయి ఉంటుందనుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ జరిగింది. పెద్దవాడు బస్సు నడుపుతాడు, మాటలు తక్కువ. చిన్నవాడు వడ్రంగి, మాటలు కాస్త ఎక్కువ. అత్తగారు కోడళ్ళ ఫ్యాక్టరీ చెవి మిషనే వాడుతుంది, వినాలనిపించనప్పుడు పీకి పక్కన పెడుతుంది. ఆ రోజు మాత్రం రెండు చెవులకీ పెట్టుకుంది. చిన్నకోడలి కొడుకు బడి పుస్తకం ముందేసుకుని నిద్రపోయాడు. పెద్దకోడలి కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

ఒకరు మానెయ్యాలి అనగానే, ఎవరూ అనుకోకుండానే అందరి కళ్ళూ పెద్దకోడలి వైపు తిరిగాయి. ఇంట్లో ఏదైనా వదులుకోవాల్సి వస్తే చూపులు అటు తిరగడం అలవాటు.

పెద్దకోడలు కంచంలోకి చూస్తూ, "నేను మానను" అంది.

అందరూ తెల్లబోయారు. చిన్నకోడలే ముందు తేరుకుని చప్పట్లు కొట్టింది. "అదీ మా అక్కంటే! నేనూ మానను. వాళ్ళకి కావాల్సింది గోడే కదా, చూపిద్దాం. ప్లైవుడ్ షీట్లు నిలబెట్టి హాలుని రెండు చేద్దాం. పక్క సందులోకి మూసేసిన తలుపు ఉందిగా, అది తెరుద్దాం. ఆవిడ వచ్చి చూసి వెళ్ళగానే విప్పేద్దాం."

"బాగానే ఉంది" అంది అత్తగారు. "ఇంతకీ నన్ను ఏ దేశంలో వేస్తారు?"

అందరూ పగలబడి నవ్వారు. పెద్దవాడు కూడా నవ్వాడు. ఆ నవ్వుల హుషారులోనే చిన్నకోడలికి ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ఇంటివాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది.

"గోడ ఒక్కటే ఉంటే నమ్మరు. వేరుపడ్డ తోడికోడళ్ళు నవ్వుకుంటూ నిలబడితే ఎవరైనా నమ్ముతారా? ఆవిడ వచ్చినప్పుడు మనం పోట్లాడుకోవాలి అక్కా. నా గొడుగు పోగొట్టావని నేనంటాను. చిల్లుల గొడుగు ఎవడికి కావాలని నువ్వను. నేను జుట్టు విరబోసుకుంటాను."

"నాకు నటించడం రాదే" అంది పెద్దకోడలు.

"నేనున్నాగా, నేను లాక్కొస్తాను."

చిన్నవాడు ప్లైవుడ్ తెచ్చి హాలు మధ్యలో నిలబెట్టాడు. వీధి వైపున ముందు గదిలో మాత్రం ఇద్దరూ ఎదురుపడేలా కాస్త ఖాళీ వదిలాడు. వంటగది చిన్నకోడలి వైపు వచ్చింది. పెద్దకోడలి వైపు గూట్లో ఒక చిన్న గ్యాస్ పొయ్యి పెట్టారు. సందులోని తలుపుకు కొత్త గడియ బిగించారు. అది తెరిచినప్పుడు లోపలికి మంచి గాలి వచ్చింది.

తనిఖీ ఆవిడ ఒక మధ్యాహ్నం వచ్చింది. భయంకరమైన మనిషిని ఊహించుకున్నారు గానీ, ఆవిడ ఎండలో నడిచి నడిచి అలిసిపోయి, కాస్త మంచినీళ్ళు ఇస్తారా అని అడిగింది. రెండు గుమ్మాలూ చూసింది. రెండు పొయ్యిలూ చూసింది. "ఎన్నాళ్ళైంది వేరుపడి?" అంది అనుమానంగా.

చిన్నకోడలు అందుకోసమే కాచుకుని ఉంది. కొంగు దోపి ముందుకు దూకింది. "ఎన్నాళ్ళైతేనేం, ఎన్నేళ్ళ ముందే పడాల్సింది! ఈ మహాతల్లి నా గొడుగు పోగొట్టి, పోయిందని చెప్పడానికి కూడా నోరు రాలేదు!"

ఇప్పుడు అక్క చిల్లుల గొడుగు అనాలి. అక్క అనలేదు. ప్లైవుడ్ అంచు పట్టుకుంది.

"గొడుగు సంగతి వదిలెయ్యి" అంది. "కిటికీ ఉన్న గది నాది. నీకు పిల్లాడు పుట్టాడని, వాడికి గాలి తగలాలని ఇమ్మన్నారు. ఇచ్చాను. వాడు బడికి కూడా పోతున్నాడు. గది నీకు తిరిగి ఇస్తానక్కా అని ఒక్కనాడైనా అన్నావా?"

చిన్నకోడలు లోపల్లోపల అబ్బురపడిపోయింది. నటించడం రాదని ఎంత అబద్ధమాడింది! గొడుగుకంటే ఇదే బాగుంది. "నువ్వు అడిగావా మరి?" అని ఎదురు అరిచింది.

"నాకు కారం పడదు. నీకు కారం లేకపోతే ముద్ద దిగదు. ఇన్నేళ్ళూ నేనే వండి, నేనే నీ కారం తిని, కడుపు మంటతో పడుకున్నాను. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు."

"తినమని నిన్నెవరు బతిమాలారు? నోరు లేదా నీకు?"

"లేదు" అంది పెద్దకోడలు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఇప్పుడే వచ్చింది."

చిన్నకోడలికి చప్పట్లు కొట్టాలనిపించింది. కష్టపడి ఆపుకుంది. తనిఖీ ఆవిడ ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టింది. "చాలు చాలు, ఊరుకోండమ్మా. మీ ఇద్దరూ మంచినీళ్ళే ఇచ్చిపుచ్చుకోరు, రహస్యాలేం చెప్పుకుంటారు! మా ఇంట్లోనూ ఇదే గోల" అని, పెద్దకోడలి భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఆవిడ మలుపు తిరిగేదాకా అందరూ ఊపిరి బిగపట్టారు. ఆ తర్వాత పెద్దకోడలు తన వైపుకి వెళ్ళిపోయింది, చిన్నకోడలు పరుగున తన వైపు హాల్లోకి వెళ్ళి ప్లైవుడ్ మీద దబదబా బాదింది. "అక్కా! గెలిచాం! ఏం చేశావక్కా, నిజంగా ఏడ్చేశావు! నాకే ఒక్క క్షణం నిజమేమోననిపించింది!"

చిన్నవాడు స్క్రూడ్రైవర్ తీసుకొచ్చాడు. "అన్నయ్యా, అటు పట్టుకో. విప్పేస్తాను."

అవతల నుంచి పెద్దకోడలి గొంతు వచ్చింది. "విప్పకు మరిదీ."

"ఎందుకక్కా? మళ్ళీ వస్తుందంటావా?" అంది చిన్నకోడలు.

"రాదు. అయినా ఉండనీ."

చిన్నకోడలి చెయ్యి ప్లైవుడ్ మీద అలాగే ఉండిపోయింది. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని తీసెయ్యాలని కూడా తోచలేదు. "నువ్వు... ఇందాక చెప్పినవన్నీ?"

"నాకు నటించడం రాదని చెప్పానుగా."

మళ్ళీ అవతల నుంచే మాట వచ్చింది. కోపంగా రాలేదు. అదే చిన్నకోడల్ని ఎక్కువ భయపెట్టింది.

"నీ మీద కోపం లేదు. నువ్వు చెడ్డదానివి కాదు. కలిసి ఉంటే నీకు హాయిగా ఉండేది, నిజమే. నాకు బరువుగా ఉండేది, అదీ నిజమే. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎక్కడివాళ్ళో ఎందుకో కొట్టుకుని మనింట్లోకి గోడ పంపించారు. అది మంచి పని అని నేననను. బల్ల కోసిన రోజు నేనూ ఏడ్చాను. కానీ అటు కూర్చున్నాక నేను విన్నది నేనే పాసు చేస్తున్నాను. ఈ గోడ నిలబెట్టాక రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. ఉండనివ్వండి."

చిన్నవాడు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఆమె ఆ చూపు తట్టుకోలేకపోయింది. దేశాల మధ్య గోడ లేస్తే లబోదిబోమంది, కొనేవాళ్ళని తిట్టింది, అమ్మేవాళ్ళని తిట్టింది. గోడ కావాలనుకున్న మనిషి తన పక్కనే కూర్చుని తీగలు అతికిస్తోందని మాత్రం ఏనాడూ అనుకోలేదు. మిన్ను విరిగి మీద పడినా అంత అదిరిపోయేది కాదు.

అత్తగారు రెండు చెవుల మిషన్లూ పీకి ఒళ్ళో పెట్టుకుంది. "నేను ఇటే ఉంటాన్లే" అంది. "దీనికి పొయ్యి వెలిగించడం ఎవరో ఒకరు నేర్పాలి కదా."

ఆ సాయంత్రం చిన్నకోడలు వీధిలోకి వచ్చి, గోడ చుట్టూ తిరిగి, సందులోకి వెళ్ళింది. ఏం అడగాలో తెలియదు. క్షమించమని అడగాలా, గది తీసుకోమనాలా, పోట్లాడాలా? కొత్త గడియ ఉన్న తలుపు ముందు నిలబడింది. తను అక్క తలుపు తట్టడం అదే మొదటిసారి. ఎన్నిసార్లు తట్టాలో కూడా తోచలేదు.

పెద్దకోడలు తలుపు తీసింది. తల దువ్వుకుని తేటగా ఉంది. ఆ మొహం అంత తేరుకుని ఉండటం చిన్నకోడలు ఎప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళు చూసిన మొహమేనా ఇది అనిపించింది.

"నువ్వా! రా, కూర్చో" అని పెద్దకోడలు కుర్చీ జరిపింది. "టీ తాగుతావా?"

ఇన్నేళ్ళలో అక్క చేతి టీ ఎంత తాగిందో లెక్కే లేదు. తాగుతావా అని అక్క ఎప్పుడూ అడగలేదు. బయటివాళ్ళనే అలా అడుగుతారు. అక్క ఆ మాట కోపంతో అనలేదు, దెప్పడానికి అనలేదు, మనసారానే అడిగింది.

"తాగుతానక్కా" అంది.

పెద్దకోడలు రెండు గ్లాసుల్లో టీ తెచ్చి ఒకటి ఆమెకిచ్చి, ఎదురుగా కూర్చుని, తనది ఊదుకుంటూ వేడివేడిగా తాగింది. అక్క కూర్చుని టీ తాగడం చిన్నకోడలు చూడటం అదే మొదలు. తను కుర్చీ అంచున ఒదిగి కూర్చుని తాగింది. ఇద్దరూ ఫ్యాక్టరీ కుళాయి గురించి కాసేపు మాట్లాడుకున్నారు. టీ అయిపోయింది. గ్లాసు ఎక్కడ పెట్టాలో చిన్నకోడలికి తెలియలేదు. అడగడానికి నోరు రాక దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది.